గెలిచిన మర్నాటి నుంచి: విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం కార్యవర్గాన్ని నడిపే పద్ధతి

ఫలితాలు వెలువడిన రాత్రి ఊరేగింపు ముగిసి, మర్నాడు ఉదయం సంఘం గది తలుపు తీసేసరికి కొత్త కార్యవర్గానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న చాలా మామూలుది: పాత ఫైళ్లు ఎక్కడ ఉన్నాయి? నేను ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సహాయ కార్యదర్శిగా గెలిచిన ఏడాది మా చేతికి వచ్చినవి ఒక తాళంచెవి, సిరా ఎండిపోయిన రబ్బరు స్టాంపు, గోడకు ఆనించి ఉన్న రెండు బ్యానర్లు. రీడింగ్ రూమును రాత్రి మరికొన్ని గంటలు తెరిచి ఉంచాలని అంతకు ముందు ఏడాదివారు లేఖ ఇచ్చారని, దానికి విశ్వవిద్యాలయ పాలకుల నుంచి రాతపూర్వకంగా జవాబు కూడా వచ్చిందని అందరూ చెప్పేవారు గాని, ఆ జవాబు కాగితం ఎవరి దగ్గరా లేదు. అదే విన్నపాన్ని మళ్లీ రాసుకొని, సంతకాలు మళ్లీ సేకరించి, అవే మెట్లు మళ్లీ ఎక్కేసరికి మాకు ఒక సెమిస్టరు గడిచిపోయింది. ఓటు వేసిన విద్యార్థికి మేము బాకీ పడ్డ సెమిస్టరు అది. కార్యవర్గం పని ఎలా సాగాలో కొత్తగా గెలిచినవారికి ముందే ఎవరో ఒకరు వివరంగా చెప్పి ఉండాల్సిందని అప్పుడు అనిపించింది కాబట్టి ఇది రాస్తున్నాను.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ) వంటి చోట్ల విద్యార్థులు నేరుగా ఓటు వేసి తమ కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా ఇలాంటి ప్రత్యక్ష ఎన్నికలు లేవు. అందువల్ల మన కళాశాలల్లో డిగ్రీ పూర్తి చేసి కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థికి పార్టీల అనుబంధ సంఘాలు తెలుసు గాని, ఎన్నికైన కార్యవర్గం రోజువారీగా ఏమి చేస్తుందో దగ్గరి నుంచి చూసే అవకాశం ఉండదు. అలా వచ్చి, తొలి ఎన్నికలోనే గెలిచినవారిని దృష్టిలో పెట్టుకొని ఈ సూచనలు రాశాను.

కార్యవర్గం ఎక్కడ నిలుస్తుంది

సంఘంలో అందరికంటే పైన ఉండేది జనరల్ బాడీ, అంటే విశ్వవిద్యాలయంలో పేరు నమోదైన విద్యార్థులందరూ. వారి తరఫున ఒక్కొక్క స్కూలు లేదా విభాగం నుంచి కౌన్సిలర్లు ఎన్నికవుతారు. అందరి ఓటుతో గెలిచి, తీర్మానాలను అమలు చేసే బాధ్యత మోసేవారు ఆఫీస్ బేరర్లు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ పదవులు ఆరు: అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సహాయ కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి, క్రీడా కార్యదర్శి. జేఎన్‌యూలో కేంద్ర ప్యానెల్ అని పిలిచేది మొదటి నాలుగు పదవులనే. విశ్వవిద్యాలయ చట్టం కింద ఏర్పడే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వేరు, విద్యార్థి సంఘం కార్యవర్గం వేరు. మొదటిది వైస్ ఛాన్సలర్ అధ్యక్షతన నడిచే పాలక మండలి. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల కొత్తవారు ఈ రెండింటినీ కలిపేస్తారు, లేఖల్లో కూడా తప్పుగా రాస్తారు. లేఖ అందుకున్న అధికారికి అక్కడే మీ అనుభవం ఎంతో తెలిసిపోతుంది.

గెలిచిన మొదటి వారంలో చదవవలసిన కాగితాలు రెండు. ఒకటి మీ సంఘం నిబంధనావళి. దానిలో కోరం, అంటే సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన కనీస సంఖ్య ఎంత, అత్యవసర సమావేశం ఎవరు పిలవవచ్చు, ఎంతమంది సంతకాలతో జనరల్ బాడీని కోరవచ్చు, పదవి నుంచి తొలగించే పద్ధతి ఏమిటి అన్న నాలుగు విషయాలను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. రెండోది విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ సిఫారసులు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె. ఎం. లింగ్డో నాయకత్వంలోని ఆ కమిటీ 2006 మే నెలలో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు దానిని అమలు చేయాలని ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదనీ, అచ్చు వేసిన పోస్టర్లు వాడకూడదనీ, ఆఫీస్ బేరర్ పదవికి ఒకసారి మాత్రమే పోటీ చేయవచ్చనీ, ఆఫీస్ బేరర్ కాని కార్యవర్గ సభ్యుడి స్థానానికి రెండుసార్లు పోటీ చేయవచ్చనీ అందులో ఉంది. పరిశోధక విద్యార్థికి వయోపరిమితి 28 ఏళ్లు. ఈ నిబంధనల మీద విద్యార్థి సంఘాలకు ఉన్న అభ్యంతరాలు చాలా వరకు న్యాయమైనవేనని నా అభిప్రాయం, ముఖ్యంగా వయసు విషయంలో. అయినా వాటిని పక్కన పెట్టి నడవడం కుదరదు. సిఫారసులకు అనుగుణంగా లేవన్న కారణంతో జేఎన్‌యూ సంఘం ఎన్నికలపై 2008లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అక్కడ మళ్లీ ఓటింగ్ జరిగింది 2012 మార్చిలోనే. ఎన్నికైన సంఘం లేకుండా ఒక విశ్వవిద్యాలయం అన్నేళ్లు గడిపిందంటే ఎన్ని తరగతుల విద్యార్థులు తమ ప్రతినిధి ఎవరో తెలియకుండానే చదువు ముగించుకొని వెళ్లిపోయారో ఊహించుకోవచ్చు.

ఆఫీస్ బేరర్ పదవికి ఒక్క అవకాశమే అన్న నియమం వల్ల కార్యవర్గం పనితీరు మీద పడే ప్రభావాన్ని చాలామంది గమనించరు. ఏటా అందరూ కొత్తవారే వస్తారు. పాలకుల వైపు కూర్చున్న సెక్షన్ ఆఫీసరు మాత్రం పదిహేనేళ్లుగా అదే కుర్చీలో ఉంటాడు, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో అతనికి జ్ఞాపకం ఉంటుంది. సంఘానికి ఆ జ్ఞాపకం కాగితం మీద తప్ప మరెక్కడా ఉండే వీలు లేదు.

ఎవరి పని ఏది

అధ్యక్షుడు సమావేశాలకు అధ్యక్షత వహిస్తాడు, సంఘం తరఫున మాట్లాడతాడు, చర్చలకు వెళ్లే బృందానికి ముందుంటాడు. అధ్యక్షత వహించడం అంటే అందరికంటే ఎక్కువ మాట్లాడటమని కొత్తగా గెలిచినవారు భావిస్తారు. అసలు పని అందరి మాటా వినిపించేలా చూడటం, చర్చ అంశం దాటిపోతుంటే వెనక్కి తేవడం, ఓటింగు అవసరమైన చోట ఓటింగు పెట్టడం. తన అభిప్రాయాన్ని చివర చెప్పే అధ్యక్షుడి గదిలోనే మిగిలిన అయిదుగురు నోరు విప్పుతారు. ఉపాధ్యక్షుడికి నిబంధనావళి సాధారణంగా అధ్యక్షుడు లేనప్పటి బాధ్యత తప్ప ఎక్కువ పని రాయదు. కాబట్టి మొదటి సమావేశంలోనే ఆయనకు ఒక నిర్దిష్టమైన రంగాన్ని, ఉదాహరణకు హాస్టళ్లనో కౌన్సిలర్లతో సమన్వయాన్నో, తీర్మానం ద్వారా అప్పగించడం మంచిది. లేకుంటే దసరా సెలవుల తర్వాత ఆ పదవి ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

కార్యవర్గాన్ని నిజంగా నడిపేది ప్రధాన కార్యదర్శి. నోటీసు ఇవ్వడం, అజెండా తయారు చేయడం, మినిట్స్ (సమావేశంలో జరిగిన నిర్ణయాల నమోదు) రాయడం, ఉత్తరప్రత్యుత్తరాలు, తీర్మానాల అమలును కనిపెట్టుకొని ఉండటం ఆయన పనులు. ఓట్లు అడిగేటప్పుడు ఈ పనుల గురించి ఎవరూ మాట్లాడరు గనుక, వాక్చాతుర్యం చూసి ఎన్నుకున్న ప్రధాన కార్యదర్శికి కాగితం అంటే విసుగు ఉండే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు సహాయ కార్యదర్శి ఆ భారాన్ని పంచుకోవాలి. మా ఏడాదిలో మేము చేసుకున్న ఏర్పాటు ఇది: బయటికి వెళ్లే లేఖలన్నీ ప్రధాన కార్యదర్శి, లోపల ఉండే రికార్డులన్నీ నేను. ప్రతి శుక్రవారం సాయంత్రం ఇద్దరం కూర్చొని రెండింటినీ పోల్చి చూసుకొనేవాళ్లం. అరగంట పట్టే ఆ పని వల్ల తప్పిపోయిన లేఖలు ఎన్నో దొరికాయి.

సాంస్కృతిక, క్రీడా కార్యదర్శుల పని ఏడాదిలో కొన్ని వారాల్లోనే ఉధృతంగా ఉంటుంది. డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేదీ ఆ వారాల్లోనే గనుక వారి సంగతి లెక్కల భాగంలో చెబుతాను.

ఒక చిక్కును మాత్రం ఇక్కడే విప్పుకోవాలి. మన దగ్గర ప్రతి పదవికీ విడిగా ఓటు వేస్తారు కాబట్టి ఒకే ప్యానెల్, అంటే కలిసి పోటీ చేసిన జట్టు, మొత్తం గెలవాలని లేదు. 2024లో జరిగిన ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం ఎన్నికల్లో నాలుగు పదవులు రెండు ప్రత్యర్థి సంఘాలకు చెరి రెండుగా వెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో జేఎన్‌యూలో మూడు పదవులు వామపక్ష సంఘాలకు, సహాయ కార్యదర్శి పదవి ఏబీవీపీకి దక్కాయి. నిన్నటి దాకా ఎదురెదురుగా నినాదాలు ఇచ్చుకున్నవారు నేడు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఇది సాధ్యమే. దానికి రెండు నియమాలు చాలు. మొదటిది, కార్యవర్గం పేరుతో వెలువడే ప్రతి ప్రకటనకూ ముందుగా ఒక తీర్మానం ఉండాలి. ఎవరి సొంత సంఘం అభిప్రాయాన్ని వారు ఆ సంఘం లెటర్‌హెడ్ మీదే రాసుకోవాలి. రెండోది, ఓడిపోయిన అభిప్రాయాన్ని మినిట్స్‌లో అసమ్మతిగా నమోదు చేసే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి. తన మాట నమోదైందన్న నమ్మకం ఉన్న మనిషి అదే రాత్రి సోషల్ మీడియాలో కార్యవర్గం మీద విరుచుకుపడడు.

సమావేశం, మినిట్స్

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయానికి కలవండి. నోటీసును రెండు రోజుల ముందు వాట్సాప్‌లోనూ, సంఘం గది తలుపు మీదా పెట్టండి. అజెండాలో అయిదు అంశాలు మించకూడదు. వాటిలో మొదటిది ఎప్పుడూ గత సమావేశపు తీర్మానాల అమలు స్థితి కావాలి. ఈ ఒక్క అలవాటు వల్ల తీర్మానించి మరచిపోయే జబ్బు చాలా వరకు తగ్గుతుంది.

మినిట్స్ రాయడం కష్టమని భయపడేవారి కోసం, మా పుస్తకంలోని ఒక నమోదు ఎలా ఉండేదో చూపుతాను. మేము ఇంగ్లిష్‌లో రాసేవాళ్లం, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

“అంశం 3. మెస్ అడ్వాన్సు పెంపు. వచ్చే నెల నుంచి మెస్ అడ్వాన్సును పెంచుతూ చీఫ్ వార్డెన్ కార్యాలయం ఇచ్చిన సర్క్యులర్‌ను ప్రధాన కార్యదర్శి చదివి వినిపించారు. పెంచిన మొత్తాన్ని రెండు వాయిదాల్లో వసూలు చేయాలని కోరుతూ లేఖ ఇవ్వాలని ఉపాధ్యక్షురాలు ప్రతిపాదించగా, క్రీడా కార్యదర్శి బలపరిచారు. అనుకూలం 5, వ్యతిరేకం 1. పెంపును పూర్తిగా రద్దు చేయాలనే కోరాలన్నది సాంస్కృతిక కార్యదర్శి అసమ్మతి. లేఖ రాసే బాధ్యత సహాయ కార్యదర్శిది. గడువు గురువారం సాయంత్రం.”

ఇందులో చర్చ అంతా లేదు. ఎవరు ఎవరిని ఏమన్నారో లేదు. ఏ కాగితం ఆధారంగా మాట్లాడారు, ఏమి ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఓట్లు ఎన్ని, పని ఎవరిది, ఎప్పటికి అన్నవే ఉన్నాయి. చివరి రెండు వాక్యాలు లేని తీర్మానం అమలు కాదు. మినిట్స్‌ను సమావేశం జరిగిన రాత్రే రాయాలి, మర్నాటికి ఇద్దరి జ్ఞాపకాలు రెండు రకాలుగా మారిపోతాయి. తర్వాతి సమావేశం మొదట్లో చదివి, సవరణలుంటే చేసి, హాజరైనవారంతా సంతకాలు పెట్టాలి. పేజీలకు అంకెలు వేసిన గట్టి అట్ట పుస్తకమే వాడండి. విడి కాగితాలు హాస్టల్ మారినప్పుడు పోతాయి, గూగుల్ డ్రైవ్ ఖాతా పాస్‌వర్డ్ దాని యజమాని చదువు అయిపోగానే పోతుంది.

జనరల్ బాడీ సమావేశం సంగతి వేరు. అది మీ పై అధికారం. అక్కడ కార్యవర్గం జవాబుదారీగా నిలబడుతుంది. రాత్రి భోజనాల తర్వాత పెట్టే సమావేశాలకు జనం వస్తారు, కానీ గంటల తరబడి సాగి కోరం కరిగిపోతుంది. అందుచేత ఓటింగు అవసరమైన తీర్మానాలను ముందు పెట్టి, సాధారణ చర్చను తర్వాత ఉంచండి. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులున్న ప్రాంగణంలో ప్రకటనలు ఇంగ్లిష్‌లోనే సాగిపోతుంటే, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మొదటి సంవత్సరం విద్యార్థి చివరి వరుసలో కూర్చొని ఏమీ అడగకుండానే లేచిపోతాడు. తీర్మానం చదివాక దాని సారాన్ని తెలుగులోనూ హిందీలోనూ రెండు నిమిషాల్లో చెప్పించండి. నేను చూసినంతలో, అలా చెప్పిన రాత్రుల్లోనే వెనుక వరుసల నుంచి చేతులు లేచాయి.

పాలకుల వద్దకు వెళ్లేటప్పుడు

ప్రతి సమస్యకూ వైస్ ఛాన్సలర్ గది ముందు నిలబడటం కొత్త కార్యవర్గాలు చేసే పొరపాటు. మెస్, గదుల కేటాయింపు చీఫ్ వార్డెన్ చూస్తారు. విద్యార్థి కార్యక్రమాలకు, సంఘం నిధులకు డీన్ ఆఫ్ స్టూడెంట్స్ వెల్ఫేర్ ఉంటారు. హాజరు, పరీక్షల నియమాల మార్పు అకడమిక్ కౌన్సిల్ పరిధిలోకి వస్తుంది. ఫీజు పెంపు వంటి ఆర్థిక నిర్ణయాలు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ దాకా వెళతాయి. నిర్ణయాధికారం ఎవరి దగ్గర ఉందో వారికే లేఖ రాసి, పైవారికి ప్రతిని పంపండి.

లేఖలో “హాస్టల్ సమస్యలను వెంటనే పరిష్కరించాలి” అని రాస్తే దానికి “పరిశీలిస్తాము” అన్న జవాబే వస్తుంది. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: “మూడో అంతస్తులోని ఆరు స్నానాల గదుల్లో రెండింటికే నీరు వస్తోంది. ఆగస్టు 4 నుంచి ఇదే పరిస్థితి. 6వ తేదీన వచ్చిన ప్లంబర్ మోటారు మార్చాలని చెప్పి వెళ్లాడు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. 12వ తేదీలోగా మోటారు మార్చాలని, అప్పటి వరకు ఉదయం ఒక ట్యాంకరు పంపాలని కోరుతున్నాము.” ఈ లేఖను పక్కన పడేయడం కష్టం. తేదీలు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి, ఏమి చేయాలో ఉంది, అది అయ్యేదాకా ఏమి చేయాలో కూడా ఉంది. లేఖను రెండు ప్రతులు తీసుకెళ్లి, వచ్చే లేఖలను తీసుకొనే ఇన్‌వర్డ్ కౌంటరు దగ్గర రెండో ప్రతి మీద నంబరు, తేదీ ముద్ర వేయించుకోండి. ముద్ర లేని లేఖ ఇచ్చినట్టు కాదు. మెయిల్ పంపినా సరే, కాగితం కూడా ఇవ్వండి.

చర్చలకు ముగ్గురి కంటే ఎక్కువ మంది వెళ్లవద్దు. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, మూడోవారు వింటూ ఉండి వదిలేసిన అంశాన్ని గుర్తు చేయాలి. గదిలో అధికారి నోటిమాటగా ఒప్పుకున్న దానిని, గది బయటికి వచ్చిన గంటలోపు “ఈ రోజు చర్చలో తాము అంగీకరించిన అంశాలు ఇవి” అంటూ మర్యాదగా మెయిల్ పంపించండి. ఆ మెయిల్‌కు అభ్యంతరం రాకపోతే అది రికార్డుగా నిలుస్తుంది. నాకు తెలిసినంతలో కార్యవర్గాలు సాధించిన మేళ్లలో సగం ఇలాంటి మెయిళ్ల మీద నిలబడినవే.

కొన్ని విషయాలకు చట్టబద్ధమైన దారులు ఉన్నాయి, వాటిని కార్యవర్గం వాడుకోవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023లో తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీ 15 పని దినాల్లో తన నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి కలగని విద్యార్థి అలాంటి అప్పీళ్లు వినడానికి నియమితులైన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. లైంగిక వేధింపులపై 2015 నిబంధనలు అంతర్గత ఫిర్యాదుల కమిటీలో, విచారణ విద్యార్థులకు సంబంధించినదైతే, ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు ఉండాలని చెబుతున్నాయి. ఆ ఎన్నిక సకాలంలో జరుగుతోందో లేదో చూడటం కార్యవర్గం బాధ్యత. కానీ అలాంటి ఫిర్యాదుతో ఎవరైనా మీ దగ్గరికి వస్తే, దానిని ఎట్టి పరిస్థితిలోనూ కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టవద్దు, పేరు మినిట్స్‌లో రాయవద్దు. ఆమెను కమిటీ దాకా తోడుగా తీసుకెళ్లడం వరకే మీ పని. ర్యాగింగ్ విషయంలో జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద కనిపించాలి.

పాలకులు ఏదైనా సమాచారం ఇవ్వనప్పుడు సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి అది వర్తిస్తుంది. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. చట్టం ఆ హక్కును పౌరులకు ఇచ్చింది కాబట్టి దరఖాస్తును సంఘం పేరున కాకుండా మీ పేరున పెట్టడం మేలు. మెస్ కాంట్రాక్టు ప్రతి, స్కాలర్‌షిప్ నిధుల విడుదల తేదీలు, భర్తీ కాని రిజర్వుడు సీట్ల సంఖ్య, ఇలాంటివి అడగండి. జవాబు వచ్చాక రాసే లేఖకు ఉండే బరువే వేరు.

లేఖలన్నీ అయిపోయి ధర్నాకు కూర్చోవలసిన రోజూ వస్తుంది. అది కూడా తీర్మానంతోనే మొదలు కావాలి. కోర్కెలు ఏవి, వాటిలో ఏది ఒప్పుకుంటే విరమిస్తారు, చర్చలకు వెళ్లేది ఎవరు అన్నవి కూర్చునే ముందే రాసి ఉండాలి. 2025 మార్చి చివర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మొదలై, విద్యార్థులు వ్యతిరేకించి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనే దాకా గడిచింది కొద్ది రోజులే. అలాంటి వేళ వారానికోసారి కలిసే పద్ధతి సరిపోదు. ఎంతమంది ఉంటే అత్యవసర సమావేశం చెల్లుతుందో, పత్రికలతో మాట్లాడే ఒక్కరు ఎవరో, అరెస్టులు జరిగితే ఫోను చేయవలసిన న్యాయవాది ఎవరో మొదటి నెలలోనే నిర్ణయించి ఉంచుకోవాలి.

ఒక చిన్న మాట, తెలుగువారికి ప్రత్యేకించి. హైదరాబాద్ ప్రాంగణంలో మెస్ సిబ్బంది, సెక్యూరిటీ గార్డులు, పారిశుద్ధ్య కార్మికులు ఎక్కువగా మన భాషవారే. ఏ హాస్టల్‌లో ఏ పైపు ఎప్పటి నుంచి కారుతోందో, కాంట్రాక్టరు జీతాలు ఎన్ని నెలలు ఆపాడో వారికి తెలిసినంత ఏ ఫైలుకూ తెలియదు. “అన్నా, అక్కా” అని పలకరించి పది నిమిషాలు కూర్చునే కార్యదర్శికి వారు చెబుతారు. వారు చెప్పింది వాడుకునేటప్పుడు వారి పేరు బయటికి రాకుండా చూడటం మీ ధర్మం, ఎందుకంటే మీకు పదవి పోతుంది, వారికి ఉద్యోగం పోతుంది.

డబ్బు

విద్యార్థుల నుంచి వసూలైన సంఘం రుసుము సాధారణంగా విశ్వవిద్యాలయ ఖాతాలోనే ఉంటుంది, కార్యవర్గం చేతికి నేరుగా రాదు. కార్యక్రమానికి ముందు బడ్జెట్ వేసి, డీన్ ఆమోదం తీసుకొని, అడ్వాన్సు డ్రా చేసి, ముగిశాక బిల్లులతో సర్దుబాటు చేయాలి. అడ్వాన్సు ఎవరి పేరున తీసుకుంటారో ఆ బాకీ వారి మీదే ఉంటుంది. సర్దుబాటు కాని అడ్వాన్సు ఉంటే కోర్సు చివర నో డ్యూస్, అంటే బాకీలు లేవన్న ధ్రువపత్రం, ఇవ్వరు. మా ముందు ఏడాది ఒక మిత్రుడు సౌండ్ సిస్టమ్ వాడి దగ్గర బిల్లు తీసుకోకుండా చేతి కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. దుకాణం పేరు, పన్ను నంబరు లేని ఆ కాగితాన్ని ఆడిట్‌లో తిప్పి పంపారు. అతను ఫెలోషిప్ డబ్బులోంచి ఆ మొత్తం కట్టి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాదు, ఎవరూ నేర్పనివాడు.

కాబట్టి కల్చరల్ ఫెస్టివల్‌కు, ఆటల పోటీలకు ముందే సాంస్కృతిక, క్రీడా కార్యదర్శులతో కూర్చొని ఏ ఖర్చుకు కొటేషన్లు కావాలో, ఏ ఖర్చుకు నగదు వోచరు సరిపోతుందో ఆర్థిక విభాగంలో అడిగి రాసుకోండి. ఖర్చు చేసిన రోజే క్యాష్ బుక్‌లో ఎక్కించండి. డబ్బు తీసుకునేవారు, ఖర్చు పెట్టేవారు, లెక్క రాసేవారు ఒక్కరే కాకూడదు. నెలకోసారి లెక్కను ఒక పేజీలో నోటీసు బోర్డు మీద అంటించండి. ఆ కాగితాన్ని చదివేది పదిమందే కావచ్చు, అది అక్కడ ఉందన్న సంగతి మాత్రం అందరికీ తెలుస్తుంది. ఎన్నికల ఖర్చు లెక్కల విషయం వేరుగా గుర్తుంచుకోండి: ఫలితాలు వచ్చిన రెండు వారాల్లోగా ప్రతి అభ్యర్థీ ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వాలని లింగ్డో సిఫారసు. గెలిచిన సంబరంలో చాలామంది మరచిపోయేది ఇదే. ఎన్నిక చెల్లదనే వాదనకు ఇది తావు ఇస్తుంది.

ఖాళీలు, అప్పగింత

సంవత్సరం మధ్యలో ఒకరు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు, మరొకరు థీసిస్ సమర్పించి విద్యార్థి హోదా కోల్పోతారు. ముఖ్య పదవి ఎన్నికైన రెండు నెలల లోపు ఖాళీ అయితే మళ్లీ ఎన్నిక జరపాలనీ, ఆ తర్వాత అయితే ఉపాధ్యక్షుడు అధ్యక్షుడిగా, సహాయ కార్యదర్శి కార్యదర్శిగా బాధ్యత తీసుకోవాలనీ లింగ్డో కమిటీ చెప్పింది. రాజీనామా ఎప్పుడూ రాతపూర్వకంగా ఉండాలి, కార్యవర్గం దానిని తీర్మానంతో ఆమోదించాలి, ఆ సంగతి డీన్ కార్యాలయానికి అదే రోజు తెలియజేయాలి.

చివరి నెలలో చేయవలసిన పనిని మొదటి నెలలోనే మొదలుపెట్టండి. అప్పగింత జాబితా అనే ఒక పేజీ తెరిచి, సంఘానికి చెందిన ప్రతి వస్తువునూ, ప్రతి ఫైలునూ అందులో ఎక్కిస్తూ వెళ్లండి. తాళాలు, స్టాంపు, లెటర్‌హెడ్, మినిట్స్ పుస్తకం, క్యాష్ బుక్, ఇన్‌వర్డ్ నంబర్లతో లేఖల ఫైలు, వచ్చిన జవాబులు, సమాచార హక్కు కింద వచ్చిన కాగితాలు, సంఘం మెయిల్, సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డ్‌లు, సర్దుబాటు కాని అడ్వాన్సులు, ఇంకా తేలని విన్నపాలు అన్నీ అందులో ఉండాలి. తేలని విన్నపం ఒక్కొక్కదాని పక్కన ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో, తర్వాత ఎవరిని ఎప్పుడు కలవాలో రాయండి. మేము దిగిపోయిన రోజు ఆ జాబితా ఏడు పేజీలు వచ్చింది. కొత్తవారు మా ప్రత్యర్థి ప్యానెల్‌వారు. పాతవారూ కొత్తవారూ సంఘం గదిలో నేల మీద కూర్చొని ఒక్కొక్క అంశం చదివి, సరిచూసి, రెండు ప్రతుల మీద సంతకాలు చేశాము. ఒక ప్రతి గదిలోని బీరువాలో పెట్టాము, రెండోది డీన్ కార్యాలయంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాము. రీడింగ్ రూము విన్నపం ఆ జాబితాలో నాలుగో అంశం. జవాబు కాగితం దాని వెనకే పిన్ చేసి ఉంది.